ఆకు ముడుత పడితే దాహమేనా?
(రసభరిత మొక్కల జబ్బులు: గుర్తింపు, నివారణ)

కుండీలో పెంచే మొక్క వాడిపోతే మనలో చాలామంది చేసే మొదటి పని చెంబెడు నీళ్ళు పొయ్యడం. మల్లెకూ మందారానికీ ఆ వైద్యం చాలాసార్లు పనికివస్తుంది. కాని కలబంద, జేడ్, ఎచెవేరియా, రణపాల వంటి దళసరి ఆకుల మొక్కల దగ్గరకు వచ్చేసరికి ఆ చెంబెడు నీళ్ళే వాటి ప్రాణం తీస్తాయి. ఈ సంగతి నేను పుస్తకం చదివి తెలుసుకున్నది కాదు. రెండు మొక్కలను పోగొట్టుకుని తెలుసుకున్నాను.

మా హాస్టల్లో ఒక సీనియర్ చదువు ముగించి ఊరికి వెళుతూ వరండాలోని నాలుగు కుండీలు నాకు అప్పగించారు. ఒకటి జేడ్, ఒకటి ఎచెవేరియా, ఒకటి కలబంద, మరొకటి రణపాల. "వీటిని మరిచిపోయినా పరవాలేదోయ్, మరీ జ్ఞాపకం పెట్టుకోకు" అని నవ్వుతూ చెప్పి వెళ్ళారు. ఆ మాటలో ఉన్న శాస్త్రం నాకప్పుడు బోధపడలేదు. ఆషాఢంలో వానలు పట్టాయి. పది రోజుల ముసురు తర్వాత చూస్తే జేడ్ ఆకులు ముడుతలు పడి ఉన్నాయి. పాపం దాహమేస్తోంది కాబోలు అనుకుని రోజూ నీళ్ళు పోశాను. వారం తిరక్కుండా ఆకులు ముట్టుకుంటే రాలిపోవడం మొదలైంది. కలబంద మొదలు మెత్తబడి పక్కకు ఒరిగింది. ఎచెవేరియా పువ్వులాంటి ఆకుల గుత్తి చేతిలోకి ఊడివచ్చింది. కుండీ బోర్లించి చూస్తే వేళ్ళు నానిన నూలుపోగుల్లా ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. ఆ మొక్కకు దాహం వేసిన మాట నిజమే. అయితే దాహం తీర్చుకోవడానికి దానికి వేళ్ళు లేవు. నేను లక్షణాన్ని చూశానే గాని కారణాన్ని వెదకలేదు. ఈ వ్యాసం ఉద్దేశమంతా ఆ రెంటికీ గల తేడా చెప్పడమే.

రసభరిత మొక్క నిర్మాణం

ఎడారి ప్రాంతాల్లోనూ, రాతి నేలల్లోనూ పెరిగే మొక్కల్లో కొన్ని ఆకుల్లోనో కాండంలోనో నీటిని దాచుకుంటాయి. వీటినే వృక్షశాస్త్రంలో రసభరిత మొక్కలంటాం. జేడ్ జన్మస్థలం దక్షిణాఫ్రికా. ఎచెవేరియా జాతుల్లో ఎక్కువ భాగం మెక్సికోకు చెందినవి. కలబంద అరేబియా ప్రాంతం నుంచి, రణపాల మడగాస్కర్ నుంచి వచ్చి మన పెరళ్ళలో స్థిరపడ్డాయి.

వీటి ఆకును అడ్డంగా కోసి చూస్తే లోపల పలుచని గోడలున్న పెద్ద పెద్ద మృదుకణాలు కనిపిస్తాయి. అవి నీటి తొట్లు. పైన దళసరి అవభాసిని ఉంటుంది. చాలా జాతుల్లో దానిమీద తెల్లని మైనపు పొడి కూడా ఉంటుంది. వేలితో తుడిస్తే ఆ పొడి పోతుంది. ముదిరిన ఆకుమీద అది మళ్ళీ సరిగా ఏర్పడదు. కనుక ఎచెవేరియా ఆకుమీద వేలిముద్ర వంటి మచ్చ కనిపిస్తే అది జబ్బు కాదు, ఎవరో ముట్టుకున్నారన్నమాట.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం గుర్తుంచుకోవాలి. ముదిరిన ఆకుకు తగిలిన గాయం మాని గట్టిపడుతుందే గాని, పోయిన పచ్చదనం తిరిగి రాదు. అందువల్ల చికిత్స ఫలించిందా లేదా అన్నది పాత ఆకును చూసి నిర్ణయించకూడదు. కొత్తగా వచ్చే చిగురును చూడాలి.

సామర్లకోటతో ఒక చుట్టరికం

సాధారణ మొక్కలు పగటిపూట పత్ర రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. ఎడారిలో పగలు రంధ్రాలు తెరిస్తే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది. అందుకని రసభరిత మొక్కల్లో చాలా భాగం రాత్రిపూట రంధ్రాలు తెరుస్తాయి. అప్పుడు తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని రిక్తికల్లో నిలవ చేస్తాయి. తెల్లవారాక రంధ్రాలు మూసుకుని, ఆ ఆమ్లం నుంచి వాయువును విడదీసి, సూర్యరశ్మి సాయంతో ఆహారం తయారు చేసుకుంటాయి. జేడ్, ఎచెవేరియా, రణపాల చేరిన క్రాసులేసీ కుటుంబం పేరు మీదుగా ఈ పద్ధతికి క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అని పేరు వచ్చింది.

దీని చరిత్రతో మన ప్రాంతానికి సంబంధం ఉన్నది. 1793లో విలియం రాక్స్‌బర్గ్ కలకత్తాకు వెళ్ళిన తర్వాత సామర్లకోటలోని కంపెనీ తోటను చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హేన్. రణపాల ఆకు ఉదయం బాగా పుల్లగా ఉండి, మధ్యాహ్నానికి రుచి లేకుండా పోవడం ఆయన భారతదేశంలో గమనించాడు. ఆ సంగతి వివరిస్తూ ఆయన రాసిన లేఖ 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ పులుపు మాలిక్ ఆమ్లానిదే. మన విద్యార్థులు ఈ ప్రయోగాన్ని ఆకు నమలకుండానే చెయ్యవచ్చు. రణపాలలో గుండెమీద పనిచేసే విషపదార్థాలున్నాయి కాబట్టి నమలకపోవడమే మంచిది. తెల్లవారుజామున ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు నలిపి, రెంటి రసాన్నీ పి.హెచ్. కాగితంతో పరీక్షిస్తే చాలు.

ఈ సందర్భంలోనే ఒక అపోహ తీర్చాలి. ఈ మొక్కలు రాత్రి ప్రాణవాయువు ఇస్తాయి గనుక పడకగదిలో పెట్టుకోవాలని కొందరంటారు. రాత్రి అవి బొగ్గుపులుసు వాయువును పీల్చే మాట నిజం. ప్రాణవాయువు మాత్రం వెలుతురులోనే పుడుతుంది. పైగా పడకగది మూలలో ఉండే చీకటి వాటికి హాని చేస్తుంది.

జబ్బు గుర్తించడానికి నాలుగు ప్రశ్నలు

డాక్టరుగారు రోగి నాడి చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి మందు రాస్తారు. మొక్క దగ్గరా అంతే.

ఒకటి, చెడినది ఎక్కడ? అడుగు ఆకులా, చిగురా, కాండం మొదలా, లేక ఎండ తగిలే పక్క మాత్రమేనా?

రెండు, ఆ చోటు మెత్తగా తడిగా ఉందా, ఎండి గట్టిగా ఉందా? తడి మచ్చ అయితే తొందరపడాలి. ఎండిన మచ్చ అయితే సాధారణంగా తొందర లేదు.

మూడు, అది పెరుగుతోందా? మచ్చ అంచు దగ్గర చిన్న సిరా చుక్క పెట్టి తేదీ రాసుకోండి. మూడు నాలుగు రోజుల తర్వాత మచ్చ చుక్కను దాటితే అది సాగే జబ్బు. దాటకపోతే జరిగిపోయిన గాయం.

నాలుగు, గత రెండు మూడు వారాల్లో ఏం మారింది? కుండీ చోటు మార్చామా, ఎరువు వేశామా, ముసురు పట్టిందా, కొత్త మొక్క తెచ్చి పక్కన పెట్టామా?

లక్షణాలు, కారణాలు

నీరు ఎక్కువైతే: అడుగు ఆకులు ముందు పసుపు పచ్చబడి, తర్వాత నూనె కాగితంలా లోపలిది కనిపించేట్టు అవుతాయి. నొక్కితే మెత్తగా ఉంటాయి, ముట్టుకుంటే రాలుతాయి. ఆపైన కాండం మొదలు నల్లబడుతుంది, దుర్వాసన వస్తుంది. దీనికి మూలకారణం నీరు కాదు, గాలి లేకపోవడం. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండితే వేళ్ళకు ప్రాణవాయువు అందదు. ఊపిరాడక చచ్చిన వేళ్ళ మీదికి పిథియం, ఫైటోఫ్తోరా, ఫ్యుజేరియం వంటి సూక్ష్మజీవులు చేరతాయి. ఎర్వీనియా వర్గపు బాక్టీరియాలైతే కణాలను అతికి ఉంచే పెక్టిన్‌ను కరిగించేస్తాయి. ఆకు జావలా కారిపోవడం అందువల్లనే.

నీరు తక్కువైతే: అడుగు ఆకులు ముడుతపడి, పలచబడి, చివరికి కాగితంలా ఎండుతాయి. కాండం మాత్రం గట్టిగానే ఉంటుంది. ఒకసారి నిండుగా నీరు పోస్తే రెండు మూడు రోజుల్లో ఆకులు మళ్ళీ నిండుకుంటాయి.

నేను పొరపడ్డది ఈ రెంటి మధ్యనే. ముడుత రెండు సందర్భాల్లోనూ వస్తుంది. తేడా తెలుసుకునే పద్ధతి చాలా తేలిక. కుండీ ఎత్తి చూడండి. బరువుగా ఉండి మట్టి తడిగా ఉంటే ఆ ముడుత దాహం వల్ల వచ్చింది కాదు, వేళ్ళు చెడ్డందువల్ల వచ్చింది. అనుమానం తీరకపోతే ఒక చీపురుపుల్ల మట్టిలో అడుగుదాకా గుచ్చి తీయండి. తడి మట్టి అంటుకుంటే నీరు పోయకూడదు. అప్పటికీ తేలకపోతే మొక్కను పెళ్ళగించి వేళ్ళు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న వేరు గట్టిగా, తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉంటుంది. చెడిన వేరు నల్లబడి, లాగితే పై తొక్క ఊడివస్తుంది.

ఎండదెబ్బ: ఎండ తగిలే వైపు మాత్రమే తెల్లగానో లేత గోధుమరంగులోనో పొడి మచ్చలు ఒక్కసారిగా వస్తాయి. తర్వాత పెరగవు. నీడలో పెరిగిన మొక్కను వేసవిలో తిన్నగా డాబామీద పెడితే జరిగేది ఇదే. ఆకుల అంచులు ఎర్రబడడం మాత్రం దెబ్బ కాదు. తీవ్రమైన వెలుతురు నుంచి కాపాడుకోవడానికి మొక్క తయారు చేసుకునే ఆంథోసయనిన్ రంగు అది.

వెలుతురు చాలకపోతే: ఆకుల మధ్య దూరం పెరిగి, కాండం సాగి, రంగు పాలిపోయి, మొక్క కిటికీ వైపు వంగుతుంది. దీన్నే పాండురత అంటారు. సాగిన కాండం మళ్ళీ పొట్టిబడదు. పైకొన కోసి వేరే నాటుకోవాలి.

లవణాలు, ఎరువులు: ఆకు కొనలు ఎండి గోధుమరంగు తిరుగుతాయి. మట్టి పైన, కుండీ గోడల మీద తెల్లని పొర పేరుకుంటుంది. బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్ళలో ఇది సామాన్యం. అప్పుడప్పుడు వాననీటితో మట్టిని బాగా కడిగి, నీరంతా కిందికి పోనివ్వాలి.

నీటి పొక్కులు: ముసురు రోజుల్లో గాలి తేమగా ఉండి ఆకు నుంచి బాష్పోత్సేకం మందగిస్తుంది. వేళ్ళేమో నీరు పంపుతూనే ఉంటాయి. లోపలి కణాలు ఉబ్బి పగిలి, ఆ చోట బెండులాంటి గరుకు మచ్చలు ఏర్పడతాయి. ఇది అంటువ్యాధి కాదు. మందు చల్లవలసిన పని లేదు. నీరు తగ్గించి గాలి ఆడే చోట పెడితే చాలు.

పురుగులు: ఆకుల సందుల్లో దూదిపింజల్లా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. చిన్న గోధుమరంగు చిప్పల్లా అంటుకుని ఉంటే పొలుసు పురుగు. సన్నని సాలెపోగులతో ఆకు గరుకుగా, తుప్పురంగుగా మారితే ఎర్రనల్లి. కుండీ మీదికి చీమల బారు కనిపిస్తే అనుమానించవలసిందే. పిండినల్లి విసర్జించే తియ్యని ద్రవం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. మట్టిలో వేళ్ళను పీల్చే పిండినల్లి కూడా ఉన్నది. కారణం తెలియకుండా మొక్క ఎదుగుదల ఆగిపోతే కుండీ నుంచి తీసి, వేళ్ళమీద తెల్లని పొడి ఉందేమో చూడాలి.

ఈ పిల్ల పురుగులు ఏం చేస్తాయిలే అనుకోకూడదు. ఒకప్పుడు దక్షిణ భారతంలో పొలాల గట్లనూ బీళ్ళనూ ఆక్రమించిన నాగజెముడును మనుషులు కత్తులతో నరికి అదుపు చెయ్యలేకపోయారు. 1926లో శ్రీలంక నుంచి తెప్పించి వదిలిన కోచినీల్ జాతి కీటకం ఆ పొదలను చాలావరకు తుడిచిపెట్టింది. చూడడానికి తెల్లని దూదిలా ఉండే ఆ కీటకం మన పిండినల్లికి దగ్గర చుట్టమే.

జబ్బు కానివి: అన్నిటికంటె అడుగున ఉన్న ఒకటి రెండు ఆకులు ఎండి రాలడం సహజం. ముదిరిన కాక్టస్ మొదలు గోధుమరంగుకు తిరిగి బెరడు కట్టడమూ సహజమే. అది గట్టిగా ఉన్నంతకాలం దిగులక్కరలేదు.

చికిత్స

కుళ్ళు వేళ్ళలో మొదలై పైకి పాకుతుంది. కనుక మందు కోసం పరుగెత్తకుండా కత్తి తీసుకోవాలి. పదునైన చాకును స్పిరిట్‌తో తుడిచి, కాండం ఆరోగ్యంగా ఉన్నచోట అడ్డంగా కొయ్యాలి. కోసిన ముఖాన్ని చూడండి. మధ్యలో గోధుమరంగు చుక్కగాని వలయంగాని ఉంటే కుళ్ళు నాళికాపుంజాల్లోకి పాకిందన్నమాట. ఇంకాస్త పైకి కొయ్యాలి. ప్రతి కోతకూ చాకు తుడవడం మరవకూడదు. పూర్తిగా శుభ్రమైన ముఖం వచ్చాక ఆ ముక్కను నీడలో, గాలి తగిలేచోట నాలుగైదు రోజుల నుంచి వారం వరకు ఆరనివ్వాలి. కోత ఎండి గట్టిపడ్డాక పొడి ఇసుక మట్టిలో నిలబెట్టాలి. మరో వారం దాకా నీళ్ళ మాట తలపెట్టకూడదు. కలబందకైతే ముక్క నాటడం కంటె పక్కన వచ్చిన మంచి పిలకను వేరు చేసి నాటడమే మేలు.

పురుగులు పట్టిన మొక్కను ముందు మిగిలినవాటికి దూరంగా పెట్టాలి. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి పురుగులను ఒక్కొక్కటిగా తుడవాలి. వారానికోసారి మూడు నాలుగు వారాలు ఇలా చేస్తే గుడ్ల నుంచి వచ్చే పిల్లలు కూడా పోతాయి. సబ్బునీరు, వేపనూనె కూడా పనిచేస్తాయి గాని అవి ఆకుమీది మైనపు పొరను చెరుపుతాయి. కాబట్టి ముందు ఒక్క ఆకుమీద వేసి రెండు రోజులు చూడాలి. నూనె రాసిన మొక్కను ఎండలో పెడితే ఆకు మాడుతుంది. పురుగు పోయిందనుకుంటే మొక్క పోతుంది.

నివారణ

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఎక్కువగా కొబ్బరి పొట్టులో ఉంటుంది. కడియం నుంచి దూరప్రాంతాలకు లారీల్లో వెళ్ళే మొక్కకు ఆ తేలికైన, తడి ఆరని పొట్టు అనుకూలమే. మన కిటికీ గట్టుమీద అదే పొట్టు రోజుల తరబడి తడి ఆరక ప్రమాదమవుతుంది. ఇంటికి తెచ్చాక కొన్నాళ్ళు విడిగా ఉంచి, పురుగులు లేవని తేల్చుకుని, మట్టి మార్చడం మంచిది.

మట్టికి ఖచ్చితమైన సూత్రం లేదు. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు గరుకైన ఏటి ఇసుక, ఒక పాలు చిన్న ఇటుక ముక్కలు, గుప్పెడు చివికిన ఎరువు కలిపితే సరిపోతుంది. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, వాడకూడదు. కుండీ మట్టిదైతే గోడలగుండా కూడా తేమ ఆరుతుంది. అడుగున రంధ్రం తప్పనిసరి.

కుండీ అడుగున గులకరాళ్ళు పోస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం. నిజానికి సన్నని మట్టిలోని నీరు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి వెంటనే దిగదు. పైమట్టి పూర్తిగా నానిన తర్వాతనే దిగుతుంది. అంటే తడి పొర వేళ్ళకు ఇంకా దగ్గరగా వస్తుందన్నమాట. రంధ్రంమీద మట్టి జారిపోకుండా ఒక పెంకుముక్క వేస్తే చాలు. మిగతా రాళ్ళను మట్టిలో కలపడమే ఉపయోగం.

నీరు ఎన్ని రోజులకోసారి పొయ్యాలి అని అందరూ అడుగుతారు. క్యాలెండరు చూసి పొయ్యకూడదు. మట్టి అడుగుదాకా ఎండాక, కింది రంధ్రం నుంచి కారేదాకా ఒకేసారి పొయ్యాలి. కింది పళ్ళెంలో నిలిచిన నీరు పారబొయ్యాలి. రోజూ కొంచెం కొంచెం చిలకరించడం అన్నిటికంటె చెడ్డ అలవాటు. ఆకుల గుత్తి నడుమ నీరు నిలవనియ్యకూడదు.

మన వాతావరణంలో వేసవి కంటె వానాకాలమే వీటికి గండం. కోస్తాలో రాత్రులు కూడా వెచ్చగా, తేమగా ఉంటాయి. మట్టి ఆరదు. ఆ రోజుల్లో కుండీలను వాన తగలని వసారాలోకి, అయితే వెలుతురు ఉన్నచోటికి మార్చాలి. చలికాలంలో ఆదిలాబాదు, పాడేరు వంటి చలిప్రాంతాల్లో మట్టిని పొడిగా ఉంచాలి. చలీ తడీ కలిస్తే వేళ్ళు తట్టుకోలేవు. ఎండలోకి మార్చదలుచుకుంటే మొదట ఉదయపు ఎండ ఒక గంట, ఆపైన క్రమంగా పెంచుతూ రెండు మూడు వారాలు తీసుకోవాలి.

చివరగా ఒక హెచ్చరిక. మనం జెముడు అని పిలిచేవన్నీ ఒకే కుటుంబం కావు. నాగజెముడు కాక్టస్ జాతిది. కాడజెముడు యుఫోర్బియా జాతిది. కోస్తే తెల్లని పాలు కారేవి యుఫోర్బియాలు. ఆ పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కొమ్మ కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి. పొరపాటున కంట్లో పడితే వెంటనే ధారగా నీటితో కడిగి, ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ముగింపు

నాకు అప్పగించిన నాలుగు కుండీల్లో కలబంద, ఎచెవేరియా పోయాయి. రణపాలకు ఏమీ కాలేదు. జేడ్ కాండాన్ని మూడుసార్లు కోస్తే గాని శుభ్రమైన ముఖం కనిపించలేదు. చివరికి మిగిలింది బెత్తెడు కొన, ఆరు ఆకులు. వారం ఆరబెట్టి నాటాను. దాదాపు నెల రోజులు దానిలో ఏ మార్పూ లేదు. రోజుకు రెండుసార్లు చెంబు దగ్గరికి పోయిన చేతిని వెనక్కు తీసుకోవడమే నేను చేసిన వైద్యం. ఆ తర్వాత ఒక ఉదయం కొనలో జత ఆకులు, గోరంత, మెరుస్తూ కనిపించాయి. పాత ఆరు ఆకుల మీద ముడుత మచ్చలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

పోయిన సంక్రాంతికి ఆ సీనియర్ కళాశాలకు వచ్చినప్పుడు జరిగినదంతా దాచకుండా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కుండీ ఒకసారి ఎత్తి బరువు చూసి, "ఇప్పుడు నీకు వచ్చిందోయ్" అన్నారు. జేడ్ నుంచి ఒక కొమ్మ కోసి, ఆరబెట్టి తీసుకెళ్ళమని ఆయన చేతికిచ్చాను.

మన ఆవరణలో, హాస్టల్ గదుల్లో ఇలాంటి కుండీలు చాలా ఉన్నాయి. పరీక్షలైపోయి ఇళ్ళకు వెళ్ళే ముందు మిత్రులు వాటికి నిండుగా నీళ్ళు పోసి గది తాళం వేస్తారు. ఈసారి అలా చెయ్యకండి. కుండీని ఒకసారి ఎత్తి బరువు చూసి, అవసరమైతేనే పొయ్యండి. గది బయట, వాన పడని వెలుతురులో వదిలి వెళ్ళండి. సెలవుల తర్వాత అది మీకోసం అక్కడే ఉంటుంది.